పెర్ఫార్మెన్స్ టైరు ఆయుష్షు

స్పోర్ట్స్ కార్లకు వేసే పెర్ఫార్మెన్స్ టైర్లు మామూలు కారు టైర్ల కన్నా చాలా త్వరగా అరుగుతాయి. ఇంటి అవసరాలకు తిరిగే సెడాన్ మీద టైరు 50,000 కిలోమీటర్లు రావడంలో వింతేమీ లేదు. పోర్షే 911 వెనక టైర్లు అందులో సగం దూరానికే మార్పుకు వచ్చినా వింత లేదు. మిషెలిన్ సంస్థ అమెరికాలో తన పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైరుకు 30,000 మైళ్ల, అంటే దాదాపు 48,000 కిలోమీటర్ల హామీ ఇచ్చింది. ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు వాడే కార్లలో మాత్రం వెనక టైర్లకు ఆ హామీని సగానికి కోసింది. అలాంటి కార్ల వెనక టైర్లు ఎంత తొందరగా అయిపోతాయో తయారీదారుకు ముందే తెలుసన్నమాట.

వేగంగా నడపడమే ఈ టైర్లను తినేస్తుందని చాలామంది యజమానుల నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. అయితే రోజూ రోడ్డు మీద తిరిగే కారు విషయంలో టైరు ఆయుష్షులో పెద్ద వాటాను మింగేవి వేరే ఉన్నాయి: చక్రాల కోణాలు తప్పడం, గాలి చూసుకోకపోవడం, ఏళ్లు గడవడం. ఇవి చప్పుడు చేయవు. టైరు లోపలి అంచున ఉక్కు తీగ బయటపడే దాకా యజమానికి తెలియనే తెలియదు.

ఇక్కడ ఆయుష్షు అంటే రెండు లెక్కలు కలిపి చూడాలి. ట్రెడ్, అంటే నేలను తాకే గాడుల రబ్బరు పొర, ఎంత మందం మిగిలిందన్నది ఒకటి. మిగిలిన రబ్బరులో పట్టు ఎంత ఉందన్నది రెండోది. మొదటిదాన్ని గేజుతో కొలవవచ్చు. రెండోది కొలతకు అందదు, కానీ ఇలాంటి కారుకు అంత డబ్బు పోసి ఇలాంటి టైర్లు కొనేది దాని కోసమే.

రబ్బరు ఎందుకు అరుగుతుంది

కారుకూ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు చోట్ల, చోటుకు దాదాపు అరచేయంత రబ్బరు మీద నిలబడి ఉంటుంది. ఆ రబ్బరు రెండు విధాలుగా పట్టు ఇస్తుంది. రోడ్డులోని కంకర మొనల మీద నొక్కుకుపోయి మళ్లీ పైకి లేచేటప్పుడు కొంత శక్తిని వేడిగా వదిలేస్తుంది. దాంతోపాటు రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలానికి క్షణకాలం అంటుకుని విడిపోతుంటాయి. మెత్తటి రబ్బరు ఈ రెండు పనులూ బాగా చేస్తుంది, చేసిన ప్రతిసారీ కొంత పదార్థాన్ని రోడ్డుకు వదులుకుంటుంది.

మలుపులో చక్రం చూసే దిశా, అది నిజంగా వెళ్లే దిశా ఒకటి కావు. రెండింటి మధ్య ఉండే కొద్దిపాటి తేడాను స్లిప్ యాంగిల్ అంటారు. ఈ కోణం లేనిదే కారు తిరగదు. టైరు నేలను తాకే భాగంలో ముందు వైపు రబ్బరు రోడ్డుకు అంటుకుని సాగుతుంది, వెనక వైపుకు వచ్చేసరికి పట్టు వదిలి జారుతుంది. అరుగుదలంతా దాదాపు ఆ జారే చోటే. ఇంగ్లండ్‌లో రబ్బరు మీద పరిశోధనలు చేసిన అడాల్ఫ్ షాలమాక్, తోటి పరిశోధకుల్లో ఒకరైన టర్నర్‌తో కలిసి 1960లో ప్రచురించిన పత్రంలో ఈ అరుగుదలకు ఒక లెక్క చూపించారు. అది స్లిప్ యాంగిల్ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కోణం రెట్టింపైతే అరుగుదల నాలుగింతలన్నమాట.

దీన్ని రోడ్డు మీదికి తెచ్చి చూద్దాం. ఒక మలుపును గంటకు 60 కిలోమీటర్లతో తిరిగే చోట 85తో తిరిగితే టైరు మోయాల్సిన పక్క బలం, దాంతో స్లిప్ యాంగిల్ కూడా సుమారుగా రెట్టింపవుతాయి. అప్పుడు అదే మలుపు అదే టైరు నుంచి సుమారు నాలుగు రెట్ల రబ్బరు తీసుకుంటుంది. నేరుగా సాగే హైవే మీద 85కూ 60కీ మధ్య తేడా ఇందులో చిన్న వంతు కూడా ఉండదు. కాబట్టి ఎంత వేగంగా పోతున్నామన్న దానికన్నా ఆ వేగం ఎక్కడ వాడుతున్నామన్నదే టైరుకు ముఖ్యం.

టైరు చరిత్రలో కొన్ని మలుపులు పట్టు పెంచాలనో, ఈ అరుగుదలను తగ్గించాలనో చేసిన ప్రయత్నాలే. మిషెలిన్ 1946లో పేటెంట్ తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చిన రేడియల్ టైరులో ట్రెడ్ కింద ఉక్కు బెల్టు ఉంటుంది. అది ట్రెడ్‌ను నేల మీద బల్లపరుపుగా నిలబెట్టి అనవసరమైన రాపిడిని తగ్గించింది. 1970లలో పిరెల్లీ తెచ్చిన పీ7 రకంతో వెడల్పుగా, సైడ్‌వాల్ (రిమ్ముకూ ట్రెడ్‌కూ మధ్య ఉండే పక్క గోడ) పొట్టిగా ఉండే టైరు స్పోర్ట్స్ కారుకు గుర్తుగా మారింది. 1990ల తొలినాళ్లలో కార్బన్ బ్లాక్‌కు తోడుగా సిలికా రబ్బరులోకి వచ్చింది. తడి నేల మీద పట్టునూ మన్నికనూ ఒకేసారి పెంచడం అప్పటి నుంచి కొంత సాధ్యమైంది. ఇప్పటి ఖరీదైన టైర్లలో మలుపుల భారం మోసే బయటి వైపున ఒక రకం రబ్బరు, లోపలి వైపున తడి రోడ్డుకు ఇంకో రకం రబ్బరు వాడటం మామూలైపోయింది.

ట్రెడ్‌వేర్ అంకె

అమెరికాలో అమ్మే దాదాపు ప్రతి కారు టైరు సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అనే మాట పక్కన ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ల నిర్ణీత మార్గంలో ప్రామాణిక టైరుతోపాటు పరీక్ష టైరునూ 7,200 మైళ్లు తిప్పి, రెండింటి అరుగుదలను పోల్చి ఈ అంకె కడతారు. ప్రామాణిక టైరు 100 అనుకుంటే, 300 ఉన్నది ఆ మార్గంలో మూడింతలు మన్నుతుందని అర్థం. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300 ఉంటుంది. రేసు ట్రాక్ వాడకానికి దగ్గరగా ఉండే టైర్లు 200 చుట్టుపక్కలా, ఇంకా కిందా ఉంటాయి. కుటుంబ కార్ల టూరింగ్ టైర్లలో 500, 600 కనిపిస్తాయి.

ఈ అంకె మీద మరీ భారం వేయకూడదు. అంకె వేసుకునేది తయారీదారే. ఒకే సంస్థ టైర్ల మధ్య పోలికకు బాగానే పనికొస్తుంది, రెండు సంస్థల మధ్య పోలికకు అంతగా పనికిరాదు. పైగా ట్రెడ్ ఎంత లోతుతో మొదలవుతుందన్నది వేరే లెక్క. రోడ్డు కోసం చేసిన వేసవి టైరు కొత్తలో 7, 8 మిల్లీమీటర్ల లోతుతో వస్తుంది. ట్రాక్ వైపు మొగ్గే రకాలు 5, 6 మిల్లీమీటర్లతోనే వస్తాయి. తక్కువ లోతు వల్ల ట్రెడ్ దిమ్మెలు ఊగకుండా గట్టిగా నిలుస్తాయి, కానీ అరగడానికి ఉన్న సరుకే తక్కువ.

చక్రాల కోణాలు

రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారు టైరును నిజంగా కాపాడే పని అలైన్‌మెంట్ షాపులో జరుగుతుంది. ఇందులో రెండు కోణాలు ముఖ్యం. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలి ఉందో చెప్పేది క్యాంబర్. పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉన్నాయో దూరంగా ఉన్నాయో చెప్పేది టో. దగ్గరగా ఉంటే టో ఇన్, దూరంగా ఉంటే టో అవుట్.

టైరు లోపలి అంచు అరిగితే అందరూ నింద మోపేది క్యాంబర్ మీద. స్పోర్ట్స్ కార్లలో చక్రాలు పైన లోపలికి వాలి ఉండటం కంటికి కనిపిస్తుంది కనుక అనుమానం అటే పోతుంది. కానీ క్యాంబర్ ఒక్కటే ఉండి టో సరిగ్గా ఉంటే అరుగుదల నెమ్మదిగానే జరుగుతుంది. టో తప్పితే టైరు నిలవదు. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఒక చక్రం తాను పోయే దారికి డిగ్రీలో పదో వంతు వంకరగా ఉందనుకోండి. ప్రతి కిలోమీటరుకూ అది 1.75 మీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది, కారు దాన్ని పోనివ్వదు. పదివేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పక్క ఈడ్పు 17 కిలోమీటర్లు దాటుతుంది. అందులో చాలా భాగాన్ని రబ్బరు సాగి సర్దుకుంటుంది, మిగిలింది రాపిడిగా మారుతుంది. కాలు ఈడ్చి నడిచేవాడి చెప్పు ఒక పక్కే అరిగినట్టు టైరు కూడా ఒక పక్కే అరుగుతుంది. క్యాంబర్ ఆ రాపిడిని లోపలి అంచు మీద పోగుచేస్తుంది కాబట్టి రెండూ కలిసినప్పుడు లోపలి అంచు ఉక్కు తీగల దాకా పోతుంది. బయటి వైపు చూస్తే మాత్రం ఇంకా సగం ట్రెడ్ ఉన్నట్టే కనిపిస్తుంది.

911ను మంచి ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంజిన్ వెనక ఉంటుంది కనుక బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే పడుతుంది. ఈ కారు 992 తరం కరెరా ఎస్ రకంలో ముందు టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, వెనకది 305. వేగంలో కారు నిలకడగా ఉండటానికి వెనక చక్రాలకు టో ఇన్, నెగటివ్ క్యాంబర్ రెండూ కావాలని కంపెనీయే పెడుతుంది. వాటిని పూర్తిగా తీసేస్తే టైరు మిగులుతుంది కానీ బ్రేకు వేసినప్పుడు కారు వెనక భాగం నమ్మదగినదిగా ఉండదు. చేయదగింది ఒకటుంది. కంపెనీ ఇచ్చిన హద్దుల లోపలే టో ఇన్‌ను తక్కువ చివరకు పెట్టించుకుని, ఎడమా కుడీ సమానంగా ఉండేలా చూసుకోవాలి. అలైన్‌మెంట్ మెషీన్ తెర మీద అన్నీ పచ్చ రంగులో ఉన్నాయన్న మాటతో తృప్తి పడకూడదు. పచ్చ హద్దు చాలా వెడల్పు. దాని ఒక చివర ఉన్న కారుకూ మరో చివర ఉన్న కారుకూ టైరు మన్నికలో వేల కిలోమీటర్ల తేడా రావచ్చు. చివరి అంకెలున్న కాగితం అడిగి తీసుకుని దాచుకోవడం మంచి అలవాటు.

టో తప్పిందని చేత్తోనే తెలుసుకోవచ్చు. కారు ఆగి టైరు చల్లారాక, అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకు మెల్లగా జరపాలి. తర్వాత లోపలి నుంచి బయటికి తేవాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే సరే. లోపలికి పోయేటప్పుడు నున్నగా జారి, బయటికి వచ్చేటప్పుడు ప్రతి గాడి అంచూ రంపపు పళ్లలా వేళ్లకు తగులుతుంటే టో ఇన్ ఎక్కువైందని అర్థం. తిరగబడితే టో అవుట్. కంటికి ఏమీ కనబడని దశలోనే ఈ గరుకు వేళ్లకు చిక్కుతుంది, కాబట్టి ఇది గేజు కన్నా ముందే హెచ్చరిస్తుంది.

కొలతలు సరిగా ఉన్నా చక్రం స్థిరంగా ఉండాలి కదా. సస్పెన్షన్ ఆర్ములలోని రబ్బరు బుష్షులు వదులైతే, షాపులో నిలబెట్టి కొలిచినప్పుడు సరిగ్గా ఉన్న టో బ్రేకు వేసిన ప్రతిసారీ మారిపోతుంది. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించుకున్నవారు వెంటనే మళ్లీ అలైన్‌మెంట్ చేయించాలి. ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి.

గాలి

గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ, ఎక్కువైతే మధ్య భాగమూ అరుగుతాయన్నది ప్రతి డ్రైవరూ విన్నదే. పొట్టి సైడ్‌వాల్ టైరులో దీనికి తోడు ఇంకో చిక్కుంది. గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గినా టైరు కంటికి కుంగినట్టు కనిపించదు. లోపల మాత్రం సైడ్‌వాల్ ప్రతి చుట్టులో ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు త్వరగా అరుగుతుంది. అమెరికా నిబంధన ప్రకారం హెచ్చరిక దీపం తప్పనిసరిగా వెలగాల్సింది గాలి నిర్దేశిత స్థాయి కన్నా 25 శాతం తగ్గినప్పుడే. అప్పటిదాకా దీపం వెలగలేదని నమ్ముకోవడం తప్పు.

కొలిచే వేళ కూడా ముఖ్యం. కంపెనీ ఇచ్చే అంకెలు చల్లటి టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉన్న టైరుకు ఇచ్చినవి. తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ ఉన్న టైరు, ఎండకు 40 డిగ్రీలకు చేరితే చాలు, కారు కదలకుండానే 36 దాటుతుంది. నడిపాక ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం పెట్రోల్ బంకులో ఆ అంకె చూసి ఎక్కువుందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున టైరు తక్కువ గాలితో బయలుదేరుతుంది. సొంత గేజు కొనుక్కుని వారానికో, రెండు వారాలకో ఉదయం పూట ఇంట్లోనే చూసుకోవడం ఈ వ్యాసంలో చెప్పిన పనులన్నిటిలోకీ చవకైనది.

నైట్రోజన్ గురించి చాలా ప్రచారం ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. వేడికి పీడనం పెరగడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేమ లేకపోవడం నైట్రోజన్‌కున్న మేలు, అది రేసుల్లో లెక్కలోకి వస్తుంది. రోడ్డు మీద తరచూ గాలి చూసుకునేవారికి అవసరం రాదు.

టైర్లు మార్చి వేయడం

మామూలు కారులో ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకూ మార్చి నాలుగింటినీ సమానంగా అరగదీయడం పాత పద్ధతి. మాజ్దా ఎంఎక్స్-5లో నాలుగు చక్రాలకూ ఒకే సైజు ఉంటుంది కనుక ఇది ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ముందు వెనక సైజులు వేరైన కార్లలో ఆ దారి మూసుకుపోయింది.

అయినా కొంత వెసులుబాటు ఉంది. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైరు అయితే, దాన్ని రిమ్ము నుంచి విప్పి రెండో వైపు చక్రానికి ఎక్కించవచ్చు. తిరిగే దిశ మారదు, కానీ ఇన్నాళ్లూ లోపల ఉన్న అంచు బయటికి వస్తుంది. లోపలి అంచు అరుగుదలకు ఇది చక్కటి మందు, కాకపోతే అంచు ఇంకా మిగిలి ఉండగానే చేయించాలి. ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ అని రాసి ఉండే టైర్లకు ఇది కుదరదు. ఇప్పటి పెర్ఫార్మెన్స్ టైర్లలో ఎక్కువ ఈ రకమే. వాటిని చక్రంతో సహా ఎడమ నుంచి కుడికి మారిస్తే రంపపు పళ్ల అరుగుదల కొంత సర్దుకుంటుంది కానీ లోపలి అంచు లోపలే ఉంటుంది.

ఒక ఇరుసు మీది రెండు టైర్ల ట్రెడ్ మధ్య 30 శాతానికి మించి తేడా ఉండకూడదని పోర్షే చెబుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పంపే కార్లలో ఇది ఇంకా కీలకం. ఒక టైరు చుట్టుకొలత తక్కువైతే అది మిగతావాటి కన్నా వేగంగా తిరుగుతూ, చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను తీరిక లేకుండా పనిచేయిస్తుంది.

నడిపే తీరు, ట్రాక్

కొత్త టైరును తొలి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. తయారీలో అచ్చు నుంచి విడిపోవడానికి పూసిన పదార్థం ట్రెడ్ మీద ఉంటుంది. లోపలి పొరలు ఒకదానికొకటి కుదురుకోవడానికీ ఆ మాత్రం సమయం కావాలి. ఆ తర్వాత కూడా రోజూ బయలుదేరిన తొలి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా పోతే మంచిది. చల్లటి గట్టి రబ్బరు రోడ్డుకు అమరదు, గీచుకుపోతుంది. నిలబడ్డ కారులో స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పడం ముందు టైర్లను ఒకే చోట నూరుతుంది. పార్కింగులో కారు అంగుళమైనా కదులుతుండగా తిప్పుకుంటే ఈ నష్టం ఉండదు.

విద్యుత్ స్పోర్ట్స్ కార్లు ఈ కష్టాన్ని పెంచాయి. పోర్షే టైకాన్, టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ వంటివి రెండు టన్నులు దాటిన బరువు మోస్తూ, పెడల్ నొక్కిన క్షణంలోనే పూర్తి టార్క్ (తిప్పే బలం) చక్రాలకు పంపుతాయి. నిలబడ్డ చోటు నుంచి దూకే ప్రతి ఆటా వెనక టైర్ల మీద లెక్క రాసిపెడుతుంది.

రేసు ట్రాక్‌కు కారు తీసుకెళ్లేవారికి లెక్కలన్నీ మారిపోతాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని ట్రాక్ మీదో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ మీదో కొన్ని గంటలు తిరిగిన కారు, రోడ్డు మీద నెలల తరబడి వాడినంత రబ్బరు వదిలేసి రాగలదు. అక్కడ అరిగేది ఎక్కువగా ముందు టైర్ల బయటి అంచు. కారు మలుపులో పక్కకు ఒరిగినప్పుడు బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. రోడ్డు మీద లోపలి అంచును తినే నెగటివ్ క్యాంబర్, ట్రాక్ మీద బయటి అంచును కాపాడుతుంది. ట్రాక్‌కు వెళ్లేవారు క్యాంబర్ పెంచి టోను దాదాపు సున్నాకు పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. కొన్ని చుట్లు తిరగ్గానే ట్రెడ్ ఉష్ణోగ్రతను లోపల, మధ్య, బయట మూడు చోట్లా కొలిస్తే కోణం, గాలి సరిపోయాయో లేదో తెలుస్తుంది. మధ్య భాగం మిగతా రెండింటి కన్నా బాగా వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు.

ట్రాక్ మీద గాలి బాగా పెరుగుతుంది కనుక కొంత తీసేస్తారు. ఇంటికి బయలుదేరేముందు మళ్లీ నింపుకోవాలి, చాలామంది మరచిపోయేది ఇక్కడే. చివరి చుట్టు మెల్లగా తిరిగి టైర్లను చల్లార్చాలి. టైరు బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. ట్రెడ్ సగం ఉండగానే పట్టు పోవడానికి ఇదే కారణం. ట్రాక్ అభిమానుల్లో కొందరు కొత్త టైర్లను మొదటిసారి ఓ మోస్తరుగా వేడి చేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచి, ఆ తర్వాతే గట్టిగా వాడతారు. ఏడాదిలో చాలాసార్లు ట్రాక్‌కు పోయేవారికి మాత్రం నాలుగు అదనపు రిమ్ములు కొని, ట్రాక్ టైర్లను విడిగా ఉంచుకోవడమే నిజమైన పొదుపు. రోడ్డు టైరును ట్రాక్ మీద, ట్రాక్ టైరును రోడ్డు మీద అరగదీసుకునే బాధ తప్పుతుంది.

ఏళ్లు, ఎండ, చలి

తిరగని టైరు కూడా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్ రబ్బరు అణువుల మధ్య కొత్త బంధాలు వేసి దాన్ని గట్టిపరుస్తుంది. ఓజోన్ పైపొరను సన్నగా చీలుస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీలో 6పీపీడీ అనే రసాయనాన్నీ మైనాన్నీ కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడు అవి మెల్లగా పైకి చేరి పూతలా కాపాడతాయి. కవరు కప్పి నెలల తరబడి నిలబెట్టిన కారు టైర్లకు ఆ రక్షణ అందదు. సైడ్‌వాల్ నిగనిగలాడటానికి పూసే పెట్రోలియం పాలిష్‌లు ఆ పూతకు హాని చేయగలవు. సబ్బు నీళ్లు చాలు.

టైరు వయసు తెలుసుకోవడం తేలిక. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 3523 అంటే 2023లో 35వ వారం. ఆరేళ్లు నిండిన టైరును ఎంత ట్రెడ్ ఉన్నా అనుమానంగానే చూడాలి. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదంలో పోర్షే కరెరా జీటీ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివి. అతివేగమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు తేల్చింది, అంత పాత టైర్లు కారు అదుపును దెబ్బతీసి ఉండవచ్చని కూడా చెప్పింది. అరుదుగా బయటికి తీసే ఖరీదైన కార్లకు ముప్పు ఇదే. వాటి టైర్లు అరగవు, కొత్తవాటిలా కనిపిస్తూనే పాతబడతాయి.

చలి ఇంకో శత్రువు. వేసవి టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల కింద గట్టిపడి పట్టు కోల్పోతుంది. గడ్డకట్టే చలిలో కదిపితే ట్రెడ్ దిమ్మెలు పగుళ్లు విచ్చుతాయి, అలా పగిలిన టైరును పారేయాల్సిందే. మిషిగన్, ఇల్లినాయ్, న్యూజెర్సీల్లో కొర్వెట్టో మస్టాంగో కొనుక్కున్న తెలుగువారికి ఇది ప్రతి డిసెంబరులో ఎదురయ్యే సమస్య. అక్కడ చలికాలానికి రెండో జత టైర్లు పెట్టుకుంటే వేసవి జత ఆయుష్షు దానంతటదే పెరుగుతుంది. విప్పిన టైర్లను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చల్లటి గదిలో, ఓజోన్ పుట్టించే విద్యుత్ మోటార్లకు దూరంగా ఉంచాలి.

తెలుగు నేల మీద

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చలి బాధ లేదు, ఎండ బాధ ఉంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు గాలి కన్నా చాలా ఎక్కువగా కాగుతుంది. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తక్కువ గాలితో నిలకడగా వేగం పట్టించడం సైడ్‌వాల్‌కు పెద్ద పరీక్ష. నగరంలోకి వస్తే గుంతలు. పొట్టి సైడ్‌వాల్ టైరు గుంతలో పడి రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగితే లోపలి దారాలు తెగి, బయటికి బుడిపె పొంగుతుంది. బుడిపె వచ్చిన టైరుకు మరమ్మతు లేదు. దాన్ని అతికించి ఇస్తామన్నవారి మాట వినకూడదు.

2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇక్కడ తయారవని పెద్ద సైజులు దొరకడం దాంతో కష్టమైంది. ఉన్న టైరును కాపాడుకోవడం ఇక్కడి యజమానులకు డబ్బుతోపాటు కారు ఆగిపోకుండా చూసుకునే సంగతి కూడా అయింది. ఎంతో వెతికాక దొరికిన టైరు డాట్ కోడ్ చూడకుండా డబ్బు కట్టకూడదు. గోదాములో మూడేళ్లు పడి ఉన్న సరుకును కొత్తదని అమ్మే అవకాశం ఇలాంటి కరువులోనే ఎక్కువ.

మన్నికకూ పట్టుకూ మధ్య ఉన్న బేరాన్ని హైదరాబాద్ ఒకసారి కళ్లారా చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ రేసులో కార్లన్నిటికీ హాన్‌కుక్ సంస్థ టైర్లే. ఎండకూ వానకూ ఒకే టైరు వాడాలన్న నియమం వల్ల అవి గాడులతో, రేసు టైరుకు కొంచెం గట్టివనిపించే రబ్బరుతో వచ్చాయి. అంతకుముందు వాడిన రేసు టైర్లంత పట్టు లేదని ఆ సీజన్‌లో డ్రైవర్లు అన్నారు.

ఎప్పుడు మార్చాలి

భారత్‌లోనూ ఐరోపాలోనూ కారు టైరుకు చట్టం చెప్పే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్లు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే ఆ హద్దు వచ్చినట్టే. కొలిచేటప్పుడు లోపలి, మధ్య, బయటి గాడులు మూడూ కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెనే టైరు అంకెగా రాసుకోవాలి. వెనక టైర్ల లోపలి గాడి నిలబడి చూస్తే కనిపించదు. కారును లిఫ్టు మీద ఎక్కించినప్పుడు అడిగి చూడాలి, లేదంటే ఫోన్ కెమెరాను చక్రం వెనకకు పెట్టి ఫొటో తీసుకోవాలి.

1.6 దాకా వాడవచ్చా అన్న దానిపై తయారీదారులే ఏకాభిప్రాయంతో లేరు. వేసవి టైరును 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమని కాంటినెంటల్ సలహా ఇస్తుంది. బాగా చేసిన టైరును చట్టం చెప్పిన హద్దు దాకా వాడకుండా పారేయడం వృథా అని మిషెలిన్ వాదన. సన్నటి టైర్లున్న చిన్న కారు విషయంలో మిషెలిన్ మాట సబబే. 305 మిల్లీమీటర్ల వెడల్పు టైరు విషయం వేరు. అంత వెడల్పు కింద నుంచి నీరు పక్కలకు పోవడానికి దూరం ఎక్కువ, గాడులు లోతు తగ్గితే టైరు నీటి మీద తేలిపోతుంది. జులై వానల్లో హైవే ఎక్కే కారుకు 3 మిల్లీమీటర్లే సరైన హద్దు. వర్షాకాలం వచ్చేసరికి లోతు అంతకన్నా కాస్త ఎక్కువ ఉంటే, వానలు వెలిసేదాకా పొడి రోజుల్లోనే కారు తీస్తూ ఆ టైరును ఇంకొన్నాళ్లు సాగదీయవచ్చు.

అరిగిన టైరు తడి నేల మీద ఎలా నిలుస్తుందన్న దానికి 2024 జులై నుంచి ఐరోపాలో కొత్త రకాల టైర్లకు కనీస ప్రమాణం వచ్చింది. అంతకుముందు కొత్త టైరునే పరీక్షించేవారు. అరిగిపోయిన రబ్బరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నా ముందుకొచ్చింది. టైరును ఓజోన్ నుంచి కాపాడే 6పీపీడీ, ఓజోన్‌తోనే కలిసి ఒక కొత్త పదార్థంగా మారుతుందనీ, వాన నీటితో వాగుల్లో చేరి కోహో సాల్మన్ చేపలను చంపుతోందనీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు 2020లో వెల్లడించారు. దానికి బదులుగా పనిచేసే రసాయనం కోసం టైరు పరిశ్రమ వెతుకుతోంది. 2024లో ఐరోపా సమాఖ్య ఆమోదించిన యూరో 7 నిబంధనలు పొగతోపాటు టైరు నుంచి రాలే రబ్బరుకూ తొలిసారి హద్దు పెట్టాయి. కారు టైర్లకు అవి 2028 నుంచి వర్తించనున్నాయి.